ఎడమకాలి టోర్నమెంటు

కోచ్ అనే మాటకు ఇప్పుడు తోకలు చాలా మొలిచాయి. హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, గోల్‌కీపింగ్ కోచ్, ఫిట్‌నెస్ కోచ్, వీళ్ళందరి నెత్తిన టెక్నికల్ డైరెక్టరు. లాప్‌టాప్ ముందేసుకుని ఎవడు ఎన్ని కిలోమీటర్లు ఉరికాడో లెక్కలు రాసుకునేవాడు ఇంకొకడు. ఇంతమంది కూడి ఏం సాధించారయ్యా అంటే, మన దేశం జట్టు ఫిఫా ర్యాంకుల్లో వందకు అవతల ఎక్కడో తారాడుతోంది. మా రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. ఆయన బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రానికి మైదానంలో పెద్దవాళ్ళకు పాఠాలు చెప్పేవాడు. ఆ ఒక్కడి చేతి మీదుగానే దేశానికి 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఆ తర్వాత తోకలు పెరిగాయి, బంగారం మాత్రం మళ్ళీ రాలేదు.

ఇదంతా బాలాపూర్‌లో అరుగు మీద కూచుని గొణుక్కునే ముసలివాడి మాట అని కొట్టిపారేయండి, నాకేం అభ్యంతరం లేదు. బాలాపూర్ అంటే ఇప్పుడు లోకానికి వినాయకుడి లడ్డూ ఒక్కటే తెలుసు. 1994లో 450 రూపాయలకు పాట పాడిన లడ్డూ 2025లో 35 లక్షలకు పోయింది. వేలంపాట సంగతి మా ఊరి వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆటగాణ్ణి పాట పాడి కొనుక్కోవడం మాత్రం మా కాలంలో ఎరగం. ఆటగాడికి పాట ఉండేది కాదు, కొలువు ఉండేది.

ఆ కొలువు ముచ్చటే చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు అని ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే పోలీసులకు ఫుట్‌బాల్ ఏంటి తాతా అని నవ్వుతారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు ఆ జట్టే పట్టుకొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి డ్యూరాండ్ కప్ పెట్టింది 1950లో. మోహన్ బగాన్‌ను ఓడించి అదీ వీళ్ళే తెచ్చారు. మళ్ళీ 1954లో, 1957లో తెచ్చారు. రాష్ట్రం మారి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టని పేరు మారాక 1961లో ఇంకోసారి తెచ్చారు. కలకత్తా పెద్ద క్లబ్బులకు కుర్చీలు, బంగళాలు, పేపర్ల నిండా రాతలు ఉండేవి. మన వాళ్ళకు ఖాకీ నిక్కరు, పొద్దున్నే పరేడు. అయినా బెంగాలీ బాబులు మన జట్టు పేరు చెబితే జడుసుకునేవారు.

పోలీసు జట్టులో చేరడమంటే ఉద్యోగంలో చేరడమే. ఫార్వర్డ్‌గా వచ్చినవాడు ఫార్వర్డ్‌గానే పెళ్ళి చేసుకునేవాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్‌గానే ఇద్దరు పిల్లల తండ్రి అయ్యేవాడు. కాళ్ళు మందగిస్తే ఒక వరుస వెనక్కి జరిగి హాఫ్ బ్యాక్ ఆడేవాడు. ఇంకా మందగిస్తే మెడలో విజిల్ వేసుకుని కుర్రాళ్ళను ఉరికించేవాడు. చివరికి ఒకనాడు జట్టుతో పాటు మేనేజరని పేరు పెట్టుకుని రైలెక్కేవాడు. ఇరవై ముప్పై ఏళ్ళ బతుకు ఒకే మైదానం చుట్టూ తిరిగేది. ఆ మైదానంలో ఏ మూల వాన నీళ్ళు నిలుస్తాయో, ఏ గోలు వైపు సాయంత్రం ఎండ కళ్ళలో కొడుతుందో ఆయనకు తెలుసు. ఏ కుర్రాడి ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడం లేదో కూడా తెలుసు. ఇప్పటి కోచ్‌కు మైదానం సంగతి తెలిసేలోపు కాంట్రాక్టు అయిపోతోంది.

మేనేజరు అంటే ఇప్పుడు సూటు వేసుకుని గీత అవతల నిలబడి చేతులు ఊపే మనిషి. అప్పుడు మేనేజరు పని ఏమిటో చెబుతాను వినండి. రైలు టికెట్లు తీయాలి, హోల్డాళ్ళు లెక్కపెట్టాలి, దిగిన ఊళ్ళో పదిహేను మందికి అన్నం వండే హోటలు వెతకాలి. అన్నిటికన్నా ముఖ్యం బంతులు చూసుకోవాలి. ఇప్పటి బంతి తెల్లగా, గుండ్రంగా, వాన పడ్డా బరువెక్కకుండా వస్తుంది. అప్పటిది తోలు బంతి. లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, పంపుతో గాలి కొట్టి, దాని మూతిని దారంతో బిగించి లోపలికి తోసి, పైన చీలికను తోలు లేసుతో కుట్టాలి. లేసు ముడి పైకి తేలిందా, హెడ్ చేసినవాడి నుదురు చిట్లడమే. వానలో ఆ బంతి నీళ్ళు తాగి బండరాయి అయ్యేది. అందుకని ముందురోజు రాత్రి కూచుని దానికి కొవ్వు రాసేవారు. ఎన్నో గోల్స్ కొట్టిన ఫార్వర్డ్, జట్టుకు మేనేజరు అయ్యాక లాంతరు వెలుగులో బంతికి కొవ్వు రాస్తూ కూచోవడం తనకు చిన్నతనం అనుకునేవాడు కాదు. ఇప్పుడు ఆ పనికి కిట్ మేనేజరని వేరే మనిషి ఉన్నాడట. అదీ ఒక తోకే.

మా నాన్న సైకిల్ మీద పాలు వేసుకుని శాలిబండ హోటళ్ళకు పోసేవాడు. మ్యాచ్ ఉన్న రోజు ఖాళీ క్యాన్లు తెలిసిన చాయ్ దుకాణంలో పెట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని ఫతే మైదాన్‌కు తొక్కేవాడు. దాన్నే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అన్నారు. నాకు బుద్ధి తెలిసేనాటికి పోలీసు జట్టు పెద్ద తరం వెనక్కి జరుగుతోంది. మొయినుద్దీన్, నూర్ మహమ్మద్, అజీజ్ లాంటి పేర్లు నాన్న నోట వినడమే. యూసుఫ్ ఖాన్‌ను మాత్రం కళ్ళారా చూశాను. రోమ్ ఒలింపిక్స్‌కు, జకార్తా ఆసియా క్రీడలకు పోయివచ్చిన మనిషి. ముందు వరుసలో నిలబెడితే అక్కడ, వెనక నిలబెడితే అక్కడ, ఎక్కడ నిలబెట్టినా అదే పట్టు. 1966లో అర్జున అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన మరునాడు కూడా ఆయన పోలీసే. ఏజెంటు ఫోను చేసి వేరే ఊరికి రమ్మనే కాలం కాదు.

రహీమ్ సాబ్ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయనా ఒకప్పుడు ఆటగాడే. ఉస్మానియాలో చదువుకుంటూ యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. ఎలెవెన్ హంటర్స్ అనే జట్టుకూ ఆడాడు. తర్వాత పంతులుగిరీ, వ్యాయామ విద్యలో డిప్లొమా, 1940లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవి. 1950 నుంచి పోలీసు జట్టుకు కోచ్. 1963లో కన్ను మూసేదాకా ఆ జట్టును వదల్లేదు. మధ్యలో దేశానికి కోచ్ అయ్యాడు, మేనేజరు అయ్యాడు, ఒలింపిక్స్‌కు తీసుకుపోయాడు, తిరిగొచ్చి మళ్ళీ హైదరాబాద్ మైదానంలోనే నిలబడ్డాడు. మాంచెస్టర్‌లో ఫెర్గూసన్ అనే ఆయన 1986 నుంచి 2013 దాకా ఒకే క్లబ్బును నడిపాడని మా మనవడు కళ్ళు పెద్దవి చేసి చెబుతాడు. నాయనా, అటువంటి మనిషి నీ ఊళ్ళోనే ఉండెరా అంటే వాడు నమ్మడు. సినిమా తీశారు కాబట్టి ఇప్పుడు సగం నమ్ముతున్నాడు. 2024లో అజయ్ దేవగణ్ వేసిన ‘మైదాన్’ చూసి వచ్చి, తాతా నువ్వు చెప్పింది నిజమే అన్నాడు. అంటే నేను చెప్పినప్పుడు అబద్ధం, బొంబాయి వాడు చెబితే నిజం.

సినిమాలో పతకాలు చూపించారు. నేనైతే ఇంకోటి చూపించేవాణ్ణి. రహీమ్ సాబ్ పెట్టిన చిత్రమైన టోర్నమెంట్లు ఉండేవి. ఒకదాంట్లో బలమైన కాలు వాడకూడదు, కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిందంటే పక్కవాడికి ఇచ్చి ఉరకాలి. పొట్టి పిల్లలకు వేరే టోర్నమెంటు. వినడానికి ఆటలా ఉంటుంది గానీ అందులో ఎంత లెక్క ఉందో చూడండి. కుడికాలితో మాత్రమే తన్నే ఫార్వర్డ్‌ను ఆపడం సులువు. వాడి కుడివైపు నిలబడితే చాలు, పని అయిపోయింది. రెండు కాళ్ళూ సమంగా ఆడేవాడి ముందు డిఫెండరు ఎటు నిలబడాలో తెలియక తన్నుకుంటాడు. మోతుబరి పిల్లలైనా, మేస్త్రీ పిల్లలైనా మన దగ్గర ఒంటి కాలి డ్రిబ్లింగే గొప్ప విద్య అనుకునేవారు. నలుగుర్ని తప్పించి అయిదోవాడి దగ్గర బంతి పోగొట్టుకున్నా చప్పట్లు కొట్టేవారు. ఆ జబ్బును వదిలించడానికి ఆయన రూలే మార్చేశాడు. ఒక్క పైసా ఖర్చు లేదు. కోన్లు లేవు, నిచ్చెనలు లేవు, వీపున జీపీఎస్ డబ్బా లేదు.

ఈ బళ్ళోంచి వచ్చినవాడే తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు, బీదింటివాడు. బూట్లు కొనే స్తోమతు లేక, పారేసిన పోలీసు బూట్లను మోచీ చేత మార్పించి ఆడేవాణ్ణని ఆయనే తర్వాత చెప్పుకునేవారు. ఇంకో సంగతి కూడా చెప్పేవారు. రహీమ్ సాబ్ ఆ కుర్రాడి ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మన్నాడు. రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు ఈయన. అయితే సైకిల్ అద్దెకు తీసుకుని రా, ఆ అద్దె నేనిస్తాను అన్నాడట పంతులు. పంతులు జీతం ఎంతో మనకు తెలియంది కాదు. ఇప్పుడు అదే మాటను స్కౌటింగ్ అంటారు, టాలెంట్ ఐడెంటిఫికేషన్ అంటారు, హోటల్లో సెమినార్ పెట్టి చెప్పుకుంటారు.

ఆ అద్దె సైకిల్ కుర్రాడు ఇరవై ఏళ్ళకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీద గోలు కొట్టాడు. హంగరీ అంటే ఆ రోజుల్లో ఎట్లాంటి జట్టో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. వాళ్ళతో మనం ఓడింది 2-1 తేడాతో. 1962లో జకార్తా బంగారు పతకం. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్, ఈ ముగ్గురినీ కలిపి చెప్పుకునేవారు దేశమంతా. బలరామ్ 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెనై కలకత్తా లీగు గెలిపించాడు. ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ముప్పై రాకముందే బూట్లు విప్పాల్సి వచ్చింది. రైల్వే కొలువులో ఉండి, కుర్రాళ్ళకు నేర్పుతూ, ఆ బెంగాల్‌లోనే ఉత్తరపాడాలో ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయాడు. మన అమ్ముగూడకు ఆయన కోచ్‌గా తిరిగిరాలేదు. ఎవరూ రమ్మన్నట్టు కూడా నేను వినలేదు.

ఇక్కడ నా కోడలు అడ్డు తగిలింది. మామయ్యా, ఒకే జట్టు, ఒకే చొక్కా అంటరు గదా, మరి మీ హైదరాబాద్ వాళ్ళంతా కలకత్తాకు పోలేదా అని. పోయారమ్మా. ఎందుకు పోరు? ఇక్కడ కానిస్టేబులు జీతం, అక్కడ జనం నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తారు. నయీముద్దీన్ పోయాడు, హబీబ్ పోయాడు, అతని తమ్ముడు అక్బర్ పోయాడు, షబ్బీర్ అలీ పోయాడు. హబీబ్ అయితే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, మూడింటిలోనూ తిరిగాడు. కానీ తేడా ఉంది. వాళ్ళు ఇక్కడ తయారై అక్కడికి పోయారు. విద్య మన ఊరిది, కీర్తి వాళ్ళ ఊరిది. ఇప్పుడు విద్య లేదు, కీర్తి లేదు, టికెట్ ఆఫీసు మాత్రం ఉంది.

పైగా పోయినవాళ్ళు ఊరికే పోలేదు, పంతులుగారి గుణం మోసుకునే పోయారు. నయీముద్దీన్ డిఫెండరు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు కంచు పతకం వచ్చినప్పుడు కెప్టెన్ ఆయనే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆఖరి పతకం అదే. ఆ ఏడే అర్జున. తర్వాత కోచ్ అయ్యాడు, 1990లో ద్రోణాచార్య. దేశం జట్టుకూ కోచ్‌గా పనిచేశాడు. ఆడినందుకొకటి, నేర్పినందుకొకటి, రెండూ ఒకే మనిషికి. కోచ్‌గా మహా కఠినుడని చెప్పుకునేవారు. ఆయన ముందు కుర్రాళ్ళు టైముకు రాకపోతే అంతే సంగతులు. ఇప్పటి పిల్లలకు కోచ్ గట్టిగా అరిస్తే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పంచాయతీ.

షబ్బీర్ అలీ మాత్రం అసలైన ఫార్వర్డే. 1974లో ఆసియా యువజన పోటీల్లో మన జట్టు ఇరాన్‌తో కలిసి విజేతగా నిలిచింది. కెప్టెన్ ఈ హైదరాబాద్ కుర్రాడు. కలకత్తా మూడు పెద్ద క్లబ్బుల్లోనూ గోల్స్ కొట్టి, తర్వాత గోవా పోయి సాల్గావ్‌కర్‌కు కోచ్ అయ్యాడు. 1998-99 జాతీయ లీగును గెలిపించాడు. ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. రహీమ్ సాబ్ కొడుకు హకీమ్ ఎయిర్‌ఫోర్సులో పనిచేశాడు, రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నాడు, తర్వాత కోచ్, అంతర్జాతీయ రిఫరీ కూడా అయ్యాడు. చూడండి, ఆడినవాడు ఊరుకోలేదు. ఆడడం అయిపోయాక నేర్పడం అప్పులాగా మీద ఉండేది.

హబీబ్ సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. బడే మియా అనేవారు. పెద్ద ఎత్తు మనిషి కాదు, పెద్ద వేగం కాదు. బంతి ఎవడి కాళ్ళ దగ్గరున్నా అది తనదే అన్నట్టు మీదపడేవాడు. ఆడడమే నా ఉద్యోగం, వేరే ఉద్యోగం వద్దన్న మనిషి. తర్వాత జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కోచ్‌గా కుర్రాళ్ళను దిద్దాడు. 1977 సెప్టెంబరులో పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చాడు. ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆట. వానకు మైదానమంతా చిత్తడి. మోహన్ బగాన్ కోచ్ ఎవరనుకున్నారు? పీకే బెనర్జీ, మన రహీమ్ సాబ్ శిష్యుడు. ఆట 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ కొట్టిన రెండింట్లో ఒకటి హబీబ్‌ది. పంతులు నేర్పిన శిష్యుడు కోచ్‌గా బయట నిలబడ్డాడు. పంతులు ఊరివాడు లోపల గోలు కొట్టాడు. అవతల ఆడుతున్నది పెలే. మేం రేడియో చుట్టూ మూగి ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇప్పుడు మొన్నటి ముచ్చట. 2025 డిసెంబరు 13న మెస్సీ వచ్చాడు హైదరాబాద్‌కు. మా నెత్తిమీదుగానే శంషాబాద్‌లో దిగి, మాకు కూతవేటు దూరంలో ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పోయాడు. సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారితో కాసేపు బంతి తన్నాడు. జనం ఊగిపోయారు, మా మనవడు గొంతు పోగొట్టుకుని వచ్చాడు. పక్కన నిలబడి ఫొటో దిగడానికి లక్షల్లో రేటు. తప్పనను, పెద్ద ఆటగాడు, చూడాలని ఎవరికి ఉండదు? నాకూ టీవీ ముందు నుంచి లేవాలనిపించలేదు. కానీ పెలే వచ్చిననాడు మన ఊరివాడు ఆయన మీద గోలు కొట్టాడు. మెస్సీ వచ్చిననాడు మన ఊరివాళ్ళు క్యూలో నిలబడి ఫొటో కొనుక్కున్నారు.

మరి హైదరాబాద్‌కు సొంత జట్టు లేదా అంటారు. ఉండేది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని పుట్టింది. గచ్చిబౌలిలో ఆట, పసుపు చొక్కాలు, డోళ్ళు, బూరలు. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. పనిమంతుడే, ఆ మాట ఒప్పుకోవాలి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిపించాడు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మా వాడకట్టులో టపాకాయలు పేలాయి. నేను మాత్రం ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు పేర్లు పేపర్లో ఒకటికి రెండుసార్లు చదివాను. హైదరాబాద్ గల్లీ పేరు ఒక్కటన్నా దొరుకుతుందేమోనని. దొరకలేదు. మరుసటి సీజన్ దాటగానే ఆ కోచ్ గోవా జట్టుకు పోయాడు. డబ్బుల తంటాలు మొదలై ఆటగాళ్ళు ఒక్కొక్కరే సర్దుకున్నారు. యాజమాన్యం మారింది. 2025లో ఏకంగా క్లబ్బే ఢిల్లీ పోయి పేరు మార్చుకుంది. మా రోజుల్లో ఆటగాడు క్లబ్బు మారితే నెలరోజులు చాయ్ హోటల్లో తిట్టుకునేవాళ్ళం. క్లబ్బుకు క్లబ్బే ఊరు మారితే ఎవర్ని తిట్టాలో ఎవరూ నేర్పలేదు.

అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ వాళ్ళు సొంత మైదానం కట్టుకుని ఐ-లీగ్‌లో ఆడారు. వరుసగా రెండేళ్ళు రెండో స్థానంలో నిలిచారు. అది కొంత నయం. మైదానం సొంతదైతే కాళ్ళు కాస్త నేలకు ఆనుతాయి.

మా వైపు సంగతి కూడా చెబుతాను. చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. అరబ్బు ఫౌజు సంతతి వాళ్ళ బస్తీ. జాంపండ్లకు, హరీస్ అనే వంటకానికి ఎంత పేరో ఫుట్‌బాల్‌కు అంత పేరు. లుంగీ పైకి మడిచి కట్టుకుని సాయంత్రం మైదానంలో దిగితే, వాళ్ళ నుంచి బంతి లాక్కోవడం మా బాలాపూర్ పోరగాళ్ళ వల్ల అయ్యేది కాదు. మేం ఎర్రకుంట మీదుగా నడిచిపోయి వాళ్ళతో ఆడి, ఓడి, వాళ్ళు పెట్టిన జాంపండ్లు తింటూ తిరిగొచ్చేవాళ్ళం. అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. గీత పక్కన మోడా వేసుకుని కూచునేవారు. ఆయనా ఒకప్పుడు ఫార్వర్డే. మోకాలు పోయాక గీత మీదికి వచ్చారు. ఏ పిల్లవాడు తప్పు పాస్ ఇచ్చినా వాడి పేరే కాదు, వాడి నాన్న పేరు, తాత పేరు కూడా పెట్టి పిలిచి తిట్టేవారు. జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. మా బాలాపూర్ పిల్లలనూ అట్లే తిట్టేవారు, అందుకే మాకు ఆయన మీద గౌరవం.

అప్పట్లో మా ఊరి చుట్టూ జొన్నచేలు కోసేశాక ఎక్కడ చూసినా మైదానమే. విమానాశ్రయం 2008లో వచ్చింది. అంతకు ముందు నుంచే చేలకు రాళ్ళు పాతడం మొదలైంది. ఇప్పుడు ప్లాటు, ప్లాటు పక్కన ప్లాటు. బంతి తన్నితే ఎవడి కాంపౌండ్ గోడో తగులుతుంది. అందుకని టర్ఫులు వచ్చాయి. చుట్టూ వల, పైన లైట్లు, కింద పచ్చ ప్లాస్టిక్ గడ్డి. గంటకు ఇంత అని కిరాయి. గంట కాగానే బయట నిలబడ్డవాడు వాచీ చూపిస్తాడు. గోలు కొట్టబోయేవాడు కూడా కాలు ఆపి బయటికి రావాలి. మా ఆటకు వాచీ లేదు, చీకటి పడటమే ఫైనల్ విజిల్.

నా గొణుగుడులో ఒక్క చోట మాత్రం నోరు కట్టేసుకోవాలి. ఆటగాడి ఒంటికి ఇప్పుడున్న కాపలా మా కాలంలో లేదు. బలరామ్‌కు జబ్బు చేస్తే ఆట అయిపోయింది. జకార్తాలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడితే, ఆ కుట్లతోనే రహీమ్ సాబ్ అతన్ని డిఫెన్సు నుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒక గోలు పీకే కొట్టాడు, రెండోది ఆ కుట్ల తలవాడే కొట్టాడు, 2-1. మేం దాన్ని వీరగాథలాగా చెప్పుకుంటాం. ఇప్పుడైతే డాక్టరు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఆ జట్టును నడిపిన పంతులుకే ఒంట్లో క్యాన్సరు. ఫైనల్ ముందు కుర్రాళ్ళను బంగారం బహుమతిగా అడిగాడని వాళ్ళు చెప్పేవారు. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. యాభై మూడేళ్ళే. అంతపని చేసిన మనిషి పేరు మీద ఊళ్ళో రహీమ్ లీగ్ అని స్థానిక లీగు ఒకటి ఉంది. అందులో ఆడే కుర్రాళ్ళను ఆ రహీమ్ ఎవరని అడిగి చూడండి, కొందరు లీగు పెట్టిన స్పాన్సర్ అనుకుంటున్నారు.

మా మనవడు పోయే అకాడమీ పేరు రాయను, వాళ్ళతో నాకు గొడవెందుకు. వాడి బూట్లకు ఇంగ్లిషు పేరు, మేజోళ్ళకు ఇంగ్లిషు పేరు. వీపు మీద 10 నంబరు. మొన్న ఇంటి ముందు తన్నుతుంటే చూశాను. కుడికాలు తుపాకీ గుండే. ఎడమవైపు బంతి వేస్తే మాత్రం చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ కుడికాలితోనే తన్నుతున్నాడు. 

“ఎడమకాలికి ఏమైందిరా, మొక్కుకున్నవా?” అన్నాను. 

“మా కోచ్ నాకు స్ట్రాంగ్ ఫుట్ మీదనే ఫోకస్ చెయ్యమన్నడు తాతా.” 

“ఏ కోచ్?” 

“పాత కోచ్. కొత్త కోచ్ సోమవారం వస్తడు.” 

ఈ ఏడాదిలో ఎన్నో కొత్త కోచో వాడికే లెక్క తెలియదు. సరే, ఎవరైనా రానీ. ఈసారి ఫీజు కట్టడానికి కొడుకుతో పాటు నేనూ పోతున్నాను. రసీదు తీసుకుని ఆ కొత్తాయన్ను పక్కకు పిలిచి, నెలకొక్క ఆదివారం పిల్లలందరి చేతా ఎడమకాలితోనే ఆడించమని అడుగుతాను. ఖర్చు లేని పనే. కాదంటే, ఫీజులో ఎడమకాలి వాటా వాపసు ఇమ్మంటాను.